కాళ్లు బీడీలు చెయ్యవు

మా ఆయన మధు మళ్లీ ఖతర్ విమానం ఎక్కిన వారానికి మా అత్తమ్మ నాకు బీడీలు చుట్టడం నేర్పడం మొదలుపెట్టింది.

అప్పటికి మా పెళ్లై మూడు నెలలు కూడా నిండలేదు. చేతుల గోరింటాకు పోయింది కానీ పెళ్లి సంబరం నాలో ఇంకా పోలేదు. కోరుట్లలోని ఆ ఇంట్లో నాకు అన్నీ బాగుండేవి. రేకుల సందుల్లోంచి వాకిట్లో పడే ఎండ చారలు బాగుండేవి. తడిపి గోనెపట్టాలో చుట్టిపెట్టిన తునికాకు వాసన బాగుండేది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, చేతిలో కత్తెర పెట్టుకుని కూర్చుంటే నేనేదో పెద్ద ఉద్యోగంలో చేరినట్టుండేది.

"ఏం కొమురవ్వా, డిగ్రీ చదివిన కోడలితోని బీడీలు చేపిస్తున్నవా?" అని పక్కింటి సమ్మక్క గోడ మీదుగా అడిగింది.

"డిగ్రీ చదివితే చేతులు వోతయా ఏంది?" అంది అత్తమ్మ.

నేను చుట్టిన మొదటి బీడీని ఫోటో తీసి మధుకు పంపాను. 'గిది బీడీనా, బ్యాండుమేళపోళ్ల సన్నాయా?' అని రాశాడు. అత్తమ్మకు చదివి వినిపిస్తే చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వాడు పుట్టినప్పుడు గట్లనే ఉన్నడు, సన్నాయి లెక్క" అంది.

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. సిరిసిల్లలో పుట్టాను. మరమగ్గాల చప్పుడులో చదువుకున్నాను, ఆ చప్పుడులోనే నిద్రపోయాను. కోరుట్ల మధ్యాహ్నాలు ఎంత చప్పుడు లేకుండా ఉండేవంటే, నేనే లేచి ఏదో ఒక గిన్నె తోమేదాన్ని. "కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతవేందే పిల్లా? కూసో ఒక్కతాన" అని అత్తమ్మ కసిరేది. కూర్చునేదాన్ని. ఆమె ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి నాకు అందించేది. నేను కొసలు మడిచి దారం కట్టేదాన్ని. దారం కట్టే పని నాకే ఎందుకిచ్చిందో అడగలేదు. కొత్త కోడలి మీద ముద్దు అనుకున్నాను.

అత్తమ్మకు ఎముకల మూలుగలో క్యాన్సర్. మా లగ్గం ఖాయమయ్యాకే బయటపడింది. అంతకు ముందు ఏడాదిగా నడుము నొప్పి అంటూనే ఉందట. బీడీలకు కూర్చునే మనిషికి నడుము నొయ్యక ఏమవుతుందని ఆమే అనుకుంది, వాడకట్టంతా అనుకుంది. మామ లేడు. మధు ఇంటర్లో ఉన్నప్పుడే పోయాడు. పెళ్లి వాయిదా వేద్దామని మధు అంటే, "సూది నాకు, లగ్గం నీకు. రెండింటికి ఏం సంబంధంరా?" అందట అత్తమ్మ.

సూది జగిత్యాలలో వేసేవాళ్లు. సోమవారం ఒకటి, గురువారం ఒకటి. అట్లా రెండు వారాలు వేసి, ఒక వారం విడుపు. మొదట్లో ముగ్గురం వెళ్లేవాళ్లం, బస్సులో కిటికీ పక్క సీటు నాకు, నా పక్కన మధు, మా ముందు అత్తమ్మ. జగిత్యాల బస్టాండులో చెరుకురసం. ఆసుపత్రికి పోతున్నామని మరిచిపోయి నేను పాటలు పాడుకున్న రోజులున్నాయి.

అక్కడ కళావతి సిస్టర్ అని ఉండేది. అంత చిన్న సూదికి అంత జాగ్రత్త నేనెక్కడా చూడలేదు. ముందు రక్తపరీక్ష చూసి, మందు మీద పేరు, మోతాదు ఇంకొక సిస్టర్‌తో కలిసి గట్టిగా చదివి, అప్పుడు పొట్ట మీద చర్మం కింద వేసేది. ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు. మధు ఖతర్ నుంచి తెచ్చిన గ్రీన్ టీ డబ్బా గురించి అడిగితే, "గది నువ్వు తాగు తమ్మీ. అవ్వకు మాత్రం పొయ్యకు, ఈ మందుకు అడ్డం వస్తది" అంది. విటమిన్ సి గోలీలు కూడా వద్దంది. బలానికని మధు సంచినిండా తెచ్చాడు పాపం. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

తర్వాత నా వైపు తిరిగి, "సూది వేసిన రెండు దినాలు వాంతులైనా, బట్టలు పాడైనా గ్లౌజులు లేకుండ ముట్టకు. కొత్త పెండ్లిపిల్లవు. కడుపుతోని ఉంటే ముందుగాల నాకు చెప్పాలె" అంది. నేను సిగ్గుతో గోడ మీది క్యాలెండరు చదివాను. అత్తమ్మ మాత్రం తిరుగు ప్రయాణంలో బస్సులో పక్కన కూర్చున్న ఎవరో ముసలామెకు కూడా ఆ మాట చెప్పింది.

సిస్టర్ ప్రతిసారీ అడిగే మాట ఇంకొకటి ఉండేది. చేతులు, కాళ్లు తిమ్మిర్లు, మంటలు, మొద్దుబారడం ఏమన్నా ఉందా? ఈ మందు నరాల మీద పని చేస్తుంది, మొదట్లోనే చెబితే సర్దుకోవచ్చు, దాచిపెడితే సర్దుకోలేం.

మా పక్క కుర్చీలో పెగడపల్లి నుంచి వచ్చే రాజనర్సు అని ఒక పెద్దమనిషి కూర్చునేవాడు. అత్తమ్మకూ ఆయనకూ ఒకటే జబ్బు, ఒకటే సూది. ఇద్దరూ వానల గురించి, వడ్ల ధర గురించి మాట్లాడుకునేవాళ్లు. ఒక గురువారం ఆయన, "అరికాళ్లు మొద్దువారినయి సిస్టరమ్మా, బురదల నడిచినట్టున్నది" అని చెప్పాడు. ఆ రోజు ఆయనకు సూది వెయ్యలేదు. తర్వాతి సోమవారం ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆ తర్వాతా ఖాళీగానే ఉంది. అత్తమ్మ ఆ కుర్చీ మీద తన చేతిసంచి పెట్టుకుని కూర్చుంది.

మధు వెళ్లిపోయాక మేమిద్దరమే వెళ్లేవాళ్లం. డాక్టరు అడిగినప్పుడల్లా అత్తమ్మ ఒకటే జవాబు చెప్పేది.

"తిమ్మిర్లు ఉన్నాయా అమ్మా?"

"బీడీలు చేసే చేతులు సారూ. నలభై ఏండ్ల సంది గంతే."

డాక్టరు చేతులు చూసేవాడు. ఆమె వేళ్లు గట్టిపడి, కొసలు నల్లబడి ఉండేవి. ఆయన ఏదో రాసుకునేవాడు. ఆ జవాబు అబద్ధమని నాకు అనిపించలేదు. మా వాడకట్టులో ఏ ఆడమనిషిని అడిగినా అదే చెబుతుంది. సమ్మక్క నా ముందు రెండు చేతులూ చాపి, "చూడు పిల్లా, పొద్దున లేస్తే నా వేళ్లు నావి గావు. గోడకు గుద్దుకుంటే గని రావు" అంది. బీడీలు చేస్తే చెయ్యి తిమ్మిరి పడుతుంది. వంట చేస్తే చెయ్యి కాలుతుంది. అంతే కదా అనుకున్నాను.

కానీ అత్తమ్మ బీడీలు వదులవుతున్నాయి. కార్ఖానాలో బీడీలు చూసి ఏరేసే మనిషి మొదటిసారి ఆమెవి పక్కన పడేశాడు. ఆమె నన్ను చూపించి, "గివి మా కోడలు చేసినయి, కొత్తది" అంది. నేను తలూపాను. జాకెట్టు గుండీలు నన్ను పెట్టమంది ఒక రోజు. జడ వేసుకోవడం మానేసి ముడి వేసుకుంటోంది. లేచి గిన్నెలు తోమాను. తోమినవే మళ్లీ తోమాను.

మే నెలలో సూది విడుపు వారం వచ్చింది. సిరిసిల్లలో మా అమ్మ మామిడికాయ తొక్కు పెడుతున్నా, రమ్మంది. అత్తమ్మను కూడా తీసుకురమ్మంది. నాకు ఎంత సంతోషమంటే, ముందు రోజే బ్యాగు సర్ది, రెండుసార్లు విప్పి మళ్లీ సర్దాను. పుట్టింటికి అత్తగారితో పోవడానికి ఎవరికైనా ఉంటుందా ఆ ఉత్సాహం? నాకుంది.

బస్సు దిగి ఆటో ఎక్కాం. మా గల్లీ మొదట్లో డ్రైనేజీ తవ్వకం ఉందని ఆటో అక్కడే ఆపాడు. మిట్టమధ్యాహ్నం. తారు మెత్తబడి ఉంది. మగ్గాల చప్పుడు వినపడగానే నాకు కాళ్లలో ఉరుకు పుట్టింది, అత్తమ్మకు ఈ షెడ్డు ఎవరిది, ఆ మరమగ్గాల సాంచాలు ఎవరివి అని చూపిస్తూ ముందు నడిచాను. మా ఇంటి దగ్గరికి వచ్చేశాక వెనక నుంచి ఎవరో ఆడమనిషి అరిచింది.

"ఓ అవ్వా! నీ చెప్పు గిక్కడనే వడ్డది!"

తిరిగి చూశాను. చెప్పు గల్లీ మొదట్లో పడి ఉంది. అత్తమ్మ నా వెనకే నిలబడి ఉంది, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా. ఆమె కూడా అప్పుడే తన కాలి వైపు చూసుకుంది.

"ఔ గదా" అని నవ్వింది. "నీ ముచ్చట్లల్ల వడి చూస్కోలే."

నేను ఉరికి చెప్పు తెచ్చాను. దాని అడుగు నా చేతికి చురుక్కుమని తగిలింది.

ఇంటికొచ్చిన వియ్యపురాలికి కాళ్లకు నీళ్లివ్వడం మర్యాద. మా అమ్మ చెంబు ఇచ్చి ఊరుకునే మనిషి కాదు. అత్తమ్మను గద్దె మీద కూర్చోబెట్టి తనే వంగి పోసింది. పోస్తూ పోస్తూ ఆగిపోయింది.

"వదినా, గిదేంది? కాలు గింతగనం కాలితే సప్పుడు జెయ్యవేంది?"

అరికాలు ఎర్రగా కందిపోయింది. మడమ దగ్గర బొబ్బ లేస్తోంది.

"ఏం లేదు వదినా" అంది అత్తమ్మ, అలవాటు మాట అలవాటుగా వచ్చేసి, "బీడీలు చేసే..."

అక్కడ ఆగింది. నా వైపు చూసింది. నేనూ చూశాను.

అమ్మ వెన్న తేవడానికి లోపలికి వెళ్లగానే, అత్తమ్మ నన్ను చేయి పట్టి గదిలోకి లాక్కెళ్లి తలుపు వేసింది.

"మధుకు చెప్పకు. డాక్టరు సారుకు అసలే చెప్పకు."

"అత్తమ్మా, ఎప్పటిసంది ఉన్నది?"

"ఎప్పటిసందో. రాజనర్సు చెప్పిండు గదా. మొద్దువారినయని నోరు దెరిచి చెప్పిండు. సూది బంద్ జేసిండ్రు. మళ్ల ఎన్నడన్న కనవడ్డడా? ఆయన కుర్చీ మీద నా సంచి వెట్టుకుంటున్న. నీకు తెల్వదా ఏంది?"

నాకు తెలుసు. ఆ ఖాళీ కుర్చీ గురించి నేనూ అదే అనుకున్నాను.

"గా సూదితోనే నేను లేసి తిరుగుతున్న. నడుము నొప్పి వోయింది. కాళ్లు మొద్దువారితే వారనీ, పానముంటది గదా. నా కొడుకు మళ్ల సెలవు మీద అచ్చేదాక ఉంటే సాలు నాకు." ఆమె అరచేయి చాపింది. "మధు మీద ఒట్టెయ్యి."

అవతల గదిలో మామిడికాయలు కోస్తున్న కత్తి చప్పుడు. ఖతర్‌లో ఏసీలు రిపేరు చేసే మధు, ఈపాటికి ఏ మిద్దె మీదో ఏసీ విప్పుకుంటూ ఉంటాడు. నేను ఆ అరచేతిలో చేయి వేశాను.

తర్వాతి రోజులు నా చేత ఏ పనీ సరిగ్గా కాలేదు. కత్తెర కోసం ఇల్లంతా వెతికి, చివరికి నా చేతిలోనే చూసుకున్నాను. అన్నం ఒకసారి మాడింది, ఒకసారి అసలు స్టవ్వే వెలిగించలేదు. ఫోనులో ఎన్నిసార్లు చదివినా సిస్టర్ చెప్పిందే ఉంది. ముందే తెలిస్తే మందు తగ్గిస్తారు, తెలియకపోతే నరాలు పోతాయి, పోయినవి తిరిగి రాకపోవచ్చు. అది చదివి ఆమె కాళ్ల వైపు చూసేదాన్ని. తర్వాత మధు పేరు చూసేదాన్ని. ఫోను ఎత్తగానే నా మొదటి మాట, "ఎక్కడున్నవ్? ఎత్తు మీద ఉన్నవా?"

"నేల మీదనే ఉన్న. ఏమైందే నీకు?"

"ఏం లేదు. జాగ్రత్త."

చదువుకున్నదాన్ని. ఒట్టుకు, మిద్దె మీద మనిషి కాలు జారడానికి సంబంధం లేదని తెలుసు. తెలిసి కూడా ఫోను పెట్టేశాక దేవుడి పటం ముందు నిలబడేదాన్ని.

సోమవారం వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను కానీ బయట ఏముందో చూడలేదు. అత్తమ్మ సాక్సులు వేసుకుంది, మే నెల ఎండలో. మధు పెళ్లికి వేసుకున్న తెల్ల సాక్సులు.

డాక్టరు రక్తపరీక్ష చూసి బాగుందన్నాడు. జబ్బు తగ్గుతోందన్నాడు. తర్వాత కళ్లజోడు తీసి ఎప్పటిలా అడిగాడు.

"తిమ్మిర్లు?"

"బీడీలు చేసే చేతులు సారూ. గంతే."

ఆయన కలం తీశాడు. కళావతి సిస్టర్ ట్రేలో మందు సర్దుతోంది. ఇంకొక నిమిషంలో మంచం మీద పడుకోబెడుతుంది.

"సార్" అన్నాను. "చేతులంటే బీడీలు చేస్తయి. కాళ్లు బీడీలు చెయ్యవు గదా."

ఆయన కలం ఆగింది. అత్తమ్మ నా వైపు చూడలేదు. ఎదురుగా గోడనే చూస్తోంది.

"సాక్సులు తియ్యమ్మా" అన్నాడు డాక్టరు మెల్లగా.

ఆ రోజు సూది వెయ్యలేదు. కాలిన పుండుకు కట్టు కట్టారు. కొన్ని దినాలు మందు ఆపి, నరాలు తేరుకున్నాక తక్కువ మోతాదుతో, వారానికి ఒక్కసారే మొదలుపెడతామని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. అంతలో జబ్బు మీద కన్నేసే ఉంటానన్నాడు. ఇట్లాగే ఇంకో రెండు మూడు వారాలు నడిచి ఉంటే, జబ్బు తగ్గినా ఆమె నడవలేకపోయేదన్నాడు.

"బంద్ జేసిండ్రు" అంది అత్తమ్మ. ఆయన చెప్పినదాంట్లో ఆమెకు వినపడింది అదొక్కటే.

"బంద్ కాదవ్వా, ఆపుడు" అంది కళావతి సిస్టర్. "రాజనర్సు పెద్దాయనకు గిట్లనే ఆపినం. గిప్పుడు వారానికి ఒక్కపారి, శనివారం శనివారం వస్తుండు."

"చచ్చిపోయినోళ్ల గురించి అందరు గట్లనే చెప్తరు" అంది అత్తమ్మ, లేచి నిలబడుతూ.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చోలేదు. డ్రైవరు వెనక సీటులో ఎవరి పక్కనో కూర్చుంది. కోరుట్లలో దిగాక ఒకే ఒక్క మాట అంది. "నా కొడుకు మీద ఒట్టేసినవ్ పిల్లా."

నేను ఇంట్లోకి వెళ్లకుండానే, రోడ్డు మీదే మధుకు ఫోను చేశాను. రెండోసారికి ఎత్తాడు.

"బతికున్నవా?"

"ఎండకు మాడుతున్న గని బతికే ఉన్న. ఏమైంది సింధూ? ఏడుస్తున్నవా?"

అంతా చెప్పాను. చెప్పు పడిపోవడం దగ్గర్నుంచి సాక్సుల దాకా. అవతల ఎవరో హిందీలో నిచ్చెన అడుగుతున్నారు.

"ఆ ఒట్టు తీసి గట్టు మీద వెట్టు" అన్నాడు చివరికి. "ఇంకోపారి నా మీద ఒట్టేస్తే ముందుగాల నన్ను అడుగు."

ఏడుస్తూనే నవ్వాను. కానీ ఇంట్లో అత్తమ్మ నాతో మాట్లాడలేదు. నాకు చెప్పాల్సినవి గోడ అవతల సమ్మక్కకు చెప్పేది. "సమ్మక్కా, అన్నం వెట్టుకొని తినుమని చెప్పు ఎవలకన్న. ఆకలైతలేదా ఏంది?" సమ్మక్క గోడ మీంచి తొంగిచూసి, "తినుమంటుంది పిల్లా" అనేది. నేను, "తింటనని చెప్పు సమ్మక్కా" అనేదాన్ని. "మీ అత్తాకోడండ్ల నడుమ నేను పోస్టుమాన్‌నయిన" అని ఆమె గొణుక్కునేది. చాట, కత్తెర మూలన పడ్డాయి. నేను పూటపూటా ఆమె కాలికి కట్టు మార్చేదాన్ని. ఆమె కాలు నాకిచ్చి, మొహం అటు తిప్పుకునేది. గాయం మానుతోందని నేను సంబరపడితే, "ఎవలకో సంబురమైతుంది సమ్మక్కా" అనేది.

మృగశిర కార్తె పోయి ఒక వాన పడ్డాక, డాక్టరు రమ్మన్న రోజు వచ్చింది. అప్పటిదాకా సూది లేదు. ఆ రోజు పరీక్ష చూసి, కాళ్లు తేరుకుంటే తక్కువ మోతాదు మొదలుపెడతారు. తేరుకోకపోతే ఇంకొన్నాళ్లు ఆగాలి. ఇది నేను ఆమెకు ముందే చెప్పాను, సమ్మక్క ద్వారా కాదు, నేరుగా ఎదురుగా నిలబడి. ఆమె తలకు నూనె రాసుకుంటూ విన్నది. ఆ సూది కోసం ఆమె ఎన్ని రాత్రులు అటూ ఇటూ పొర్లిందో నాకు తెలుసు. ఇప్పుడు ఒక్క అబద్ధం చెబితే చాలు, అది దొరుకుతుంది.

ఆసుపత్రిలో ఆమెను మంచం మీద కూర్చోబెట్టారు. డాక్టరు దూది చిన్న ఉండగా చుట్టి, "కళ్లు మూసుకో అమ్మా. నేను తాకినప్పుడు చెప్పు" అన్నాడు.

ఆమె కళ్లు మూసుకుంది. నేను పక్కన నిలబడి ఉన్నాను. ఆయన కుడికాలి బొటనవేలి మీద దూది ఆనించి ఆగాడు.

గదిలో ఎవరూ కదల్లేదు. ఆయన చేయి ఆగిందని ఆమెకు తెలుసు, మా ఊపిరి ఆగిందనీ తెలుసు. తాకినట్టుందని ఊహించడానికి అది చాలు.

"లేదు" అంది.

దూది పాదం మధ్యకు జరిగింది.

"లేదు."

ఆమె చేయి మంచం మీద తడుముకుంటూ వచ్చి నా చేయి పట్టుకుంది.

"ఇప్పుడు?" అన్నాడు డాక్టరు, దూది చీలమండ మీద ఆనించి.

ఆమె చాలాసేపు ఆలోచించింది. "జర ఉన్నట్టున్నది సారూ. మొన్నటి దాక గక్కడ ఏం లేకుండె. గిప్పుడు చీమ వాకినట్టున్నది. రాసుకో."

ఆయన రాసుకుంటున్నాడు. ఆమె కళ్లు తెరవలేదు, "ఇంకో కాలు గూడ చూడు" అంది. నా చేయి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆ వేళ్లకు నా చేయి ఎంత తెలుస్తోందో నాకు తెలియదు. అందుకే ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను.